నలభై ఆరో ఆకు, నలభై ఏడో ఆకు

ఒక ఉత్తరానికి జవాబు చెప్పడానికి నాకు నాలుగు రోజుల ప్రయాణం పట్టింది. ఆ ఉత్తరం నా పేరున రాసింది కాదు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్దిన అచ్చుశాలకు వచ్చింది. 1965 డిసెంబర్ 31న పని విరమించి బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున దొరికింది. మీద తపాలా ముద్ర 1964 జూన్ 12. ఏడాదిన్నర పాటు ఎవరూ దానికి జవాబు రాయలేదు.

అందులో ఉన్నది ఇంతే: "అయ్యా, విమానం చక్రం విప్పే పనికి మీరు అచ్చువేసిన పుస్తకంలో నలభై ఏడో ఆకు మీద ఒక హెచ్చరిక ఉన్నది. నేను పని చేసిన దినం నాకు అది కనబడలేదు. ఉన్నదని పెద్దలు తేల్చినారు. ఏ తారీఖు నుంచి ఉన్నదో దయచేసి తెలుపగలరు." కింద నర్సింహ అని సంతకం, నల్లగొండ దగ్గర పానగల్లు పక్కన ఒక ఊరి పేరు. పని చేసిన దినం ఏదో మాత్రం రాయలేదు.

ఆ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. విమానం పేరు రాయను, రాయకూడదు. మన సైనిక విమానాలు ఒక్క దేశం నుంచి రాలేదు. ప్రతి దేశమూ తన విమానంతో పాటు తన పుస్తకాన్నీ పంపింది. ఒకదానిలో తూకం పౌన్లలో, ఇంకోదానిలో కిలోల్లో. ఒకే రకం మరమేకుకు మూడు పేర్లు. ఒక పుస్తకం హెచ్చరికను ఎర్ర అక్షరాల్లో వేస్తే ఇంకోటి మామూలు వాక్యాల మధ్యలో కలిపేసేది. ఒక విమానం మీద చేయి తిరిగిన మెకానిక్కు ఇంకో విమానం దగ్గరికి మారితే మళ్లీ ఓనమాలు దిద్దుకోవలసిందే. అందుకని అన్నిటినీ ఒకే పద్ధతిలోకి తెచ్చే పని మొదలుపెట్టారు. ప్రతి పనికీ వరస సంఖ్యలు వేసిన అంచెలు. ప్రమాదమున్న చోట అంచెకు పైన గడి కట్టి హెచ్చరిక. ఆకులు కుట్టకుండా ఇనప కడ్డీలకు బిగించిన పుస్తకం. ఏ మాట మారినా ఆ ఒక్క ఆకు కొత్తగా అచ్చువేసి పంపితే, పాతది తీసి కాల్చి, కొత్తది పెట్టుకోవాలి. మెకానిక్కులకు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: జ్ఞాపకాన్ని నమ్మవద్దు, ఉస్తాదు మాటను నమ్మవద్దు, ఆకు మీద ఉన్నది ఉన్న వరసలో చెయ్యి.

ఆ ఆకులు దిద్దిన నాలుగేళ్లూ నేను ఒక చిట్టా రాసుకున్నాను: ఆకు సంఖ్య, నేను సంతకం పెట్టిన తేదీ. ఉత్తరం దొరికాక చిట్టా తీశాను, అచ్చుశాలలో దాచిన ప్రూఫులు అడిగి చూశాను. "గాలి పూర్తిగా తీయనిదే బోల్టులు విప్పరాదు" అన్న హెచ్చరిక పాత 46వ ఆకు అడుగున ఉండేది. బోల్టులు విప్పే అంచె 47వ ఆకు మీద మొదలయ్యేది. 46లో ఏదో గ్రీజు పేరు మారి ఆకు తిరగరాశారు. హెచ్చరికను అక్కడి నుంచి తీసి 47 పైకి చేర్చాలనుకున్నారు. కొత్త 46వ ఆకు మీద నేను సంతకం పెట్టింది 1963 ఆగస్టు 2న. కొత్త 47 నా బల్ల మీదికి వచ్చి నేను సంతకం పెట్టింది సెప్టెంబర్ 19న. మధ్య నలభై ఎనిమిది రోజులు ఆ హెచ్చరిక పుస్తకంలో ఎక్కడా లేదు. ఆగస్టు 2న నేను 46వ ఆకును రాతప్రతితో అక్షరం అక్షరం పోల్చాను. ఒక్క తప్పూ లేదు. 47ను తీసి పక్కన పెట్టి చూడమని నాకెవరూ చెప్పలేదు. నేనూ చూడలేదు.

నర్సింహ పని చేసిన రోజు ఆ నలభై ఎనిమిదింటిలో ఉందా, తరవాతా? ఒక్క తేదీ తెలిస్తే చాలు. రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ఫిబ్రవరి 7, సోమవారం, అచ్చుశాల ఉన్న పట్నంలో బస్సెక్కాను.

చౌటుప్పల్

బస్సు ఇక్కడ పావుగంట ఆగింది. టీ ఒక అణా. ఇప్పుడు ఆరు పైసలనాలి, కాని దుకాణదారు అణా అనే అన్నాడు. మా బందరు వైపు ఇంత పాలు పోసి ఇంత తక్కువ టీ ఇవ్వరు. రేగుపళ్ల గంపతో ఒకామె నా పక్కన కూర్చుని, నేను కొని తిన్న పళ్ల గింజలు కాగితంలో పొట్లం కట్టుకోవడం చూసి, "గింజలు గూడ కొనుక్కపోతున్నవా పెద్దమ్మా, గవ్విటికి పైసలు తీసుకోలే నేను!" అంది. బస్సంతా నవ్వింది.

ఊరు దాటాక ఒక గుంతలో చక్రం పడి నా కళ్లజోడు కింద పడింది. ఎడమ కాడ విరిగింది. నల్లగొండ దాకా ఒక చేత్తో పట్టుకునే చూశాను: బండలు, ఎర్రమట్టి, కోసిన జొన్నచేలు. మా వైపు ఈ నెలలో మినుము, పెసర పచ్చగా ఉంటాయి. ఇక్కడ నేల అప్పటికే ఎండకు సిద్ధమైనట్టుంది.

పానగల్లు పక్కన

పానగల్లులో పాత గుళ్లున్నాయి, చూడవలసినవే. నేను ఆగకుండా రెండు మైళ్లు నడిచి సాలెవాళ్ల వాడకు వెళ్లాను. నర్సింహ తల్లి లచ్చమ్మ అరుగు మీద కూర్చుని నూలుకు చిటికీలు కడుతోంది. రంగు ఎక్కకూడని చోట దారం బిగించి ముడి వేయడమే చిటికీ కట్టడం. నా వయసుదే, ఒకటి రెండేళ్లు అటూ ఇటూ.

"నర్సింహగారి ఇల్లు ఇదేనాండి?" అన్నాను.

"గారా?" అని తలెత్తింది. "మా నర్సిగాన్ని గారు అన్న మనిషి ఇయ్యాలనే ఒచ్చింది. ఎవలమ్మా నువ్వు?"

చెప్పాను. ఆమె ముడి వేయడం ఆపలేదు. నేను రాసిన రెండు ఉత్తరాలు అందాయా అని అడిగితే లోపలికి వెళ్లి గురిగి అనే చిన్న కుండ కింది నుంచి తెచ్చింది. రెండూ విప్పలేదు.

"ముందుగాల ఒక కాయిదం ఒచ్చింది, వాని కొలువు పోయింది. మల్ల ఇంగిలీషు ముద్రలు కొట్టిన కాయిదాలు రెండొచ్చినయి. ఇప్పుతె ఇంకేం పోతదో అని ఇప్పలె. ఎవ్వనికి సూపియ్యలె. వాడు ఈడ లేడు, అచ్చంపేటల లారీ టైర్లు బాగు జేస్తున్నడు."

నా ఉత్తరం నేనే విప్పి ఆమెకు చదివి వినిపించాను. చక్రం పేలినప్పుడు నర్సింహ కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయని అప్పుడే తెలిసింది. "తన నిర్లక్ష్యం వల్ల" అని కాగితం మీద రాసి పంపేశారు.

"అయితె తప్పు నీదా?" అంది లచ్చమ్మ.

"కొంత నాది. ఎంతో తేదీ చూడందే చెప్పలేను."

"తారీఖు దొరికితె వేళ్లొస్తయా?"

"రావు."

లచ్చమ్మ లేచి జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు, గిన్నెడు పచ్చిపులుసు తెచ్చి పెట్టింది. నేను చేయి కడుక్కోకుండా కూర్చుంటే, "తిను. తప్పు జేసినోళ్లకు గూడ ఆకలైతది" అంది. మేము చారు కాచి తాగుతాం. వీళ్లు చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, మిరపకాయ పిసికి పచ్చిదే తాగుతారు. ఎండలో నడిచి వచ్చినదానికి అదే మేలు.

నా కళ్లజోడు కాడను నీలిదారంతో కట్టింది ఆమే. కడుతూ తన పని చూపించింది. కట్టిన నూలును ఒక్కొక్క పట్టెగా చూడదట. రెండు పట్టెలు పక్కపక్కన పరిచి, కలిసే చోట వేలు పెట్టి చూస్తుందట. "ఒక్కొక్కటి జూస్తె అన్ని మంచిగనే ఉంటయమ్మా. గీడ కలవకుంటెనే బట్ట చెడతది."

మర్నాడు బయల్దేరేటప్పుడు కొడుకుకు ఇమ్మని సర్వపిండి, అంటే బియ్యప్పిండి రొట్టె, కట్టి ఇచ్చింది. "వాడు అడుగడు. నువ్వే చెప్పు. అబద్ధం మాత్రం జెప్పకు" అంది.

అచ్చంపేట

ఫిబ్రవరి 8, మంగళవారం. దేవరకొండ మీదుగా ప్రయాణం. డిండి దాటాక దారి పక్కన మోదుగులు అక్కడక్కడ పూతకు వచ్చాయి. అమ్రాబాద్ అడవి నుంచి వెదురు, కట్టె దించే లారీలు అచ్చంపేటలో ఆగుతాయి. వాటి చక్రాలు బాగుచేసే రేకుల పాకలో నర్సింహ ఉన్నాడు. ముప్పై దాటిన మనిషి. కుడిచేతికి బొటనవేలు ఒక్కటే. స్పానర్ ఎడమచేత్తో పడుతున్నాడు.

నేను ఎవరో చెప్పగానే లేచి నిలబడ్డాడు. సర్వపిండి తీసుకుని పక్కన పెట్టాడు. "జవాబు ఒస్తదనుకోలె అమ్మా. మీరే ఒస్తరని అస్సలే అనుకోలె."

"మీ చేయి దెబ్బతిన్న రోజు ఏది?"

"సెప్టెంబర్ ఇరవై ఆరు. బేస్తారం."

నా చిట్టా తెరవనక్కర లేకపోయింది. నలభై ఎనిమిది రోజులూ సెప్టెంబర్ 19తో అయిపోయాయి. ఇరవై ఆరు దానికి ఏడు రోజుల తరవాత. అదే అతనికి చెప్పాను. 46వ ఆకు సంగతి, నా సంతకం సంగతి కూడా చెప్పాను. దాచలేదు.

అతడు లెక్క సరిగ్గా అర్థం చేసుకున్నాడు. "పంతొమ్మిదిన మీరు సంతకం పెడితె, రైల్ల మా దగ్గరికి నాలుగు దినాలు. పుస్తకం మొదట్ల ఫారం ఉంటది గద, ఏ ఆకు ఎప్పుడు మార్చిన్రో రాసేది. నలభై ఏడు మార్చింది ఇరవై మూడున అని ఉన్నది. రహమత్ భాయి రాసిండు. విచారణల అదే చూపిచ్చిన్రు."

"రహమత్ అంటే?"

"ఆకులు మార్చే మనిషి. పాలమూరాయన. మేమిద్దరం ఒక్క దిక్కోళ్లమని ఒక్కకాడనే తిందుము. ఆయన అబద్ధం రాయడమ్మా."

అతడు అంతకు ముందు పని చేసిన విమానం మీద చక్రం ఒకే ముక్క. గాలి ఉన్నా బోల్టు విప్పవచ్చు. ఈ విమానం దగ్గరికి వచ్చి అతనికి అప్పటికి పదహారు రోజులు. ఇక్కడ చక్రం రెండు చిప్పలు. గాలి ఉండగా బోల్టులు వదులైతే చిప్పలు ఎగిరిపోతాయి. ఆజ్ఞ ప్రకారం పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కొక్క అంచె చదివి చేశాడు.

"నలభై ఆరు చదివిన, నలభై ఏడు చదివిన. కనబడలె" అన్నాడు. "మొదటేడు నాకు బాగ యాదికుండె, లేదని. కసం జేసి చెప్పేటోన్ని. తర్వాత తర్వాత కండ్లు మూస్తె ఆ గడి కనబడుతున్నది. ఉండెనేమో, నేనే తొందరల చూడలేదేమో. పింఛన్ గురించి కాదమ్మా. ఉండెనా, లేదా? గది తెలిస్తె చాలు."

నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే వచ్చాను. నా దగ్గర ఉన్న తేదీలు అతనికి వ్యతిరేకంగానే ఉన్నాయి. రహమత్‌ను ఎప్పుడైనా అడిగావా అన్నాను.

"ఎట్ల అడుగుత? నువ్వు తప్పు రాసినవా అని అడిగినట్టే గద."

మహబూబ్‌నగర్‌లో రహమత్ ఇంటి గుర్తులు మాత్రం చెప్పాడు.

మహబూబ్‌నగర్

ఫిబ్రవరి 9, బుధవారం. బస్సులో పల్లికాయ బస్తాల మీద కూర్చుని వెళ్లాను. కిరాయి మాత్రం సీటు మీద కూర్చున్నవాళ్లకీ నాకూ ఒకటే. అది కండక్టరుకు చెబితే, "బస్తా మెత్తగుంటదమ్మా, ఎక్కువ అడగలే సంతోషించు" అన్నాడు.

రహమత్ ఇప్పుడు ఆ కొలువులో లేడు; బజారు వెనక గల్లీలో పుస్తకాలకు జిల్దులు, అంటే అట్టలు, కడతాడు. తండ్రి చేసిన పనే. కచేరీ రిజిస్టర్లు, బడి హాజరు పట్టీలు గోడ పొడుగునా దొంతర్లుగా ఉన్నాయి. జిగురు వాసన. మా అచ్చుశాలలోనూ ఇదే వాసన కాబట్టి నాకు పరాయి చోటుకు వచ్చినట్టు లేదు.

నర్సింహ పేరు చెప్పగానే అతని చేతిలో కత్తి ఆగింది. భార్య గడప అవతల కూర్చుని రొట్టెలకు పిండి పిసుకుతోంది. ఆమె చేయీ ఆగింది.

నేను వంకరగా అడగడం రాని మనిషిని. "సెప్టెంబర్ 26న కొత్త 47వ ఆకు పుస్తకంలో ఉందా?" అన్నాను.

రహమత్ తలుపు వైపు చూశాడు. "చాయ్ తాగుతారా అమ్మా?" అన్నాడు.

"జవాబు చెప్పాక తాగుతాను."

"ఇరవై మూడున మూడు పుస్తకాలకు కలిపి నూట పన్నెండు ఆకులొచ్చినయి" అన్నాడు చివరికి. "ఒక్కన్నే ఉన్న. దినానికి పదిహేను ఇరవై మారుస్తుంటి. ఫారం మీద తారీఖుకు ఒక్కటే గడి. అందిన తారీఖా, పెట్టిన తారీఖా అని లేదు. అందరం అందిన తారీఖే రాస్తుంటిమి, అన్ని ఆకులకు ఒక్కసారే. నలభై ఏడు ఇరవై ఆరున నా బల్ల మీదనే ఉండె. ముప్పైన పెట్టిన."

ఆ ఫారమూ నేను దిద్దిందే. గడి ఒక్కటే ఎందుకని అప్పుడు నాకు తోచలేదు.

"విచారణలో చెప్పలేదేం?"

"నన్ను అడిగింది ఒక్కటే, గీ రాత నీదేనా అని. నాదే అన్న." "భయమైంది" అన్నాడు. "పాత ఆకు మీద రద్దు అని రాసి తారీఖేసి కాల్చాలె. అబద్ధం రెండోసారి రాయనీకి చెయ్యి రాలే. ముప్పై అని రాసిన. ఇగ దాన్ని కాల్చనీకి గూడ చెయ్యి రాలే. మా అబ్బా చెప్తుండె, కాగితం కాల్చిన చేతికి జిల్దు నిలువదని. కాల్చినట్టు మాత్రం సంతకం పెట్టిన."

"ఆ ఆకు ఉందా?"

అతడు మాట్లాడేలోపు భార్య లేచి వచ్చింది. "లేదమ్మా. చాయ్ తాగి పో."

"ఉంది" అన్నాడు రహమత్.

"ఉంటె? కాల్చిన అని సంతకం పెట్టి ఇంట్ల దాసుకున్నడంటె ఏమంటరు? ఫౌజీ కాగితం అది! రేపు కచేరోల్లు ఒక్క రిజిస్టర్ ఇస్తరా? ముగ్గురు పోరగాండ్లను ఏం బెట్టి సాదాలె, నువ్వు చెప్పు!" అంది నా వైపు తిరిగి.

ఆమె అన్నదాంట్లో ఒక్క మాటా తప్పు లేదు. అదే చెప్పాను. పని పోవచ్చు, పోదని నేను మాట ఇవ్వలేను. నర్సింహ ఏం అడిగాడో అది కూడా చెప్పాను: ఉండెనా, లేదా అని. కళ్లు మూస్తే లేని గడి కనబడుతోందన్న మాట చెప్పాను.

"నా గురించి ఏమన్నడు?" అన్నాడు రహమత్.

"అబద్ధం రాయడు అన్నాడు."

రహమత్ అరలోంచి ఒక పుస్తకం తీశాడు. ఇంట్లో పుట్టిన వాళ్ల తేదీలు రాసుకునే పుస్తకం, తోలు జిల్దు. వెనక అట్ట లోపలి కాగితం అంచు మీద గోరుతో గీశాడు. జిగురు గట్టిగా పట్టింది. కత్తితో లేపితే లోపల దాచిన ఆకు చిరుగుతుంది. తడి బట్ట కావాలి. అడగలేదు. అలాగే కూర్చున్నాడు. భార్య అతణ్ని, పుస్తకాన్ని చూస్తూ నిలబడింది. తరవాత వంటింట్లోకి వెళ్లి, ఒక బట్ట తడిపి గట్టిగా పిండి తెచ్చి అతని ముందు పెట్టింది. వెళ్లి మళ్లీ పిండి ముందు కూర్చుంది.

ఆ సాయంత్రం విచారణ జరిపిన అధికారులకు ముగ్గురి పేర్లతో దరఖాస్తు రాశాను. ఎవరి తప్పు వారి నోటితో, తేదీతో. మొదటిది నాది: "46వ ఆకును 1963 ఆగస్టు 2న సరిచూసి సంతకం చేశాను. ఆ ఆకులో తప్పు లేదు. పక్క ఆకుతో కలిపి చూడలేదు." రెండోది రహమత్‌ది. మూడో చోటు నర్సింహకు వదిలాను. నర్సింహకు కార్డు రాసి తపాలాలో వేస్తానంటే రహమత్ వద్దన్నాడు. "నేనే పోవాలె. నేనే చెప్పాలె."

దరఖాస్తు ఫిబ్రవరి 14న రిజిస్టరు చేసి పంపాను. ఇది రాస్తున్న రోజుకు జవాబు రాలేదు. రహమత్‌కు కచేరీ పని ఇంకా ఉంది, ఎన్నాళ్లుంటుందో తెలియదు.

మళ్లీ అచ్చంపేట

ఫిబ్రవరి 10, గురువారం. బస్సులో రహమత్ ఆకును రెండు అట్టల మధ్య పెట్టి ఒళ్లో పట్టుకున్నాడు. భార్య మూటకట్టి ఇచ్చిన రొట్టెలు దారిలో నేను తిన్నాను, అతడు ముట్టలేదు.

మేము వెళ్లేసరికి నర్సింహ ఒక లారీ చక్రం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైరు వాల్వు అప్పుడే విప్పినట్టున్నాడు. గాలి బుస్సుమని వస్తోంది. తలెత్తి మమ్మల్ని చూశాడు. రహమత్‌ను చూశాడు. లేవలేదు. ఆ చప్పుడులో మాట వినబడేలా లేదు. గాలి సన్నబడి, ఆగి, ఇంకొక్కసారి వచ్చి, పూర్తిగా పోయేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. అతడు టైరును మడమతో నొక్కి చూసి, చేయి తుడుచుకుని లేచాడు.

రహమత్ అట్టలు విప్పి ఆకు ఇచ్చాడు.

నర్సింహ దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలు మొదటి పంక్తి కింద పెట్టి చదివాడు. పెదవులు కదులుతున్నాయి. అడుగుదాకా వచ్చాడు. మూలన ఉన్న సంతకం, తారీఖు చూశాడు: 30-9-63. ఆకు తిప్పి వెనకవైపూ పై నుంచి కింద దాకా చదివాడు. మళ్లీ ముందుకు తిప్పి, పై అంచున, గడి ఉండవలసిన తెల్లటి జాగా మీద బొటనవేలు అటూ ఇటూ రాశాడు.

"లేదు" అన్నాడు.

రహమత్ నేల మీద కూర్చుని తల వంచాడు. నర్సింహ అతని నెత్తి మీద టోపీని చూశాడు. ఆకును మసి అంటకుండా అట్టల్లో పెట్టి నా చేతికిచ్చాడు. పాక మూలకు వెళ్లి, తల్లి పంపిన సర్వపిండిలో మిగిలిన సగం తెచ్చాడు.

"పొద్దుగాల ఎల్లినట్టున్నవు" అన్నాడు. "తిన్నవా భాయీ?"